తుప్పు పట్టదు... తప్పు చేస్తే పోదు!

హైదరాబాద్‌లో ఓ నలభై ఆరేళ్ల ఉద్యోగిని ఊహించుకోండి. ఇంట్లో భార్య, ఇంటర్ చదివే కూతురు. నాలుగేళ్ల కిందట షుగర్ అంచున ఉందని డాక్టర్ హెచ్చరిస్తే సైకిల్ కొన్నాడు. మొదట కాలనీ చుట్టూ తిరిగాడు. తర్వాత గండిపేట దాకా. ఆ తర్వాత ఆదివారాలు చేవెళ్ల, వికారాబాద్. షుగర్ దిగింది కానీ సైకిల్ పిచ్చి మాత్రం దిగలేదు. ఇప్పుడు రాత్రనక పగలనక 200, 300 కిలోమీటర్లు తొక్కి వస్తున్నాడు. ఓ రాత్రి భోజనాలయ్యాక మెల్లగా విషయం కదిపాడు. టైటానియం ఫ్రేము కొంటానని.

‘‘ఎంతేంటి?’’ అడిగింది భార్య.

‘‘రెండు లక్షలు... కాస్త అటూ ఇటూగా.’’

‘‘సైకిల్‌కా?’’

‘‘సైకిల్‌కి కాదు. ఫ్రేముకి.’’

‘‘అంటే చక్రాలు రావా నాన్నా?’’ అంది కూతురు.

రావు. గేర్లు రావు, బ్రేకులు రావు, సీటు కూడా రాదు. వచ్చేది వెండిరంగులో మెరిసే ఎనిమిది గొట్టాల చట్రం. మహా అయితే ముందు ఫోర్కు. ‘‘మరి దానివల్ల లాభమేంటండీ?’’ అని ఆవిడ అడిగితే ఆయన చెప్పిన సమాధానం ఇదీ: ‘‘చేతులు తిమ్మిరెక్కవు.’’

చిక్కంతా ఆ సమాధానంలోనే ఉంది. ఎందుకంటే అది తప్పు. టైటానియం మంచిదా కాదా అన్నది తర్వాత మాట. దాన్ని ఎందుకు కొంటున్నామో తెలియకుండా కొంటే రెండు లక్షలు పోయినా తిమ్మిరి పోదు.

ఇంతకీ ఆయన వెళుతున్నవి ‘బ్రెవే’లు. పందేలు కావు. ఫస్టు, సెకండు ఉండవు. ఇచ్చిన గడువులోగా ఇచ్చిన దూరం పూర్తిచేయాలి, అంతే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. వీటికి పెద్దన్న ఫ్రాన్స్‌లో నాలుగేళ్లకోసారి జరిగే పారిస్-బ్రెస్ట్-పారిస్. 1891లో ఓ దినపత్రిక మొదలుపెట్టింది. అప్పుడు గెలిచిన షార్ల్ తెరోంకు 1200 కిలోమీటర్లు తొక్కడానికి 71 గంటలకు పైగా పట్టింది. ఇప్పుడు మామూలు మనుషులకు ఇచ్చే గరిష్ఠ గడువు 90 గంటలు. ఆఖరుసారి 2023 ఆగస్టులో జరిగింది. హైదరాబాద్ రైడర్ల కళ్లలో మెదిలే కల అదే. 90 గంటలు సైకిల్ మీద బతకాలంటే ఆ సైకిల్ ఎలా ఉండాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. టైటానియం పేరు వినిపించేదీ అక్కడే.

మన ఇసుకలో ఉన్నదే!

టైటానియం ఏదో అరుదైన లోహమనుకుంటారు చాలామంది. నిజానికి భూమి పైపొరలో ఎక్కువగా దొరికే మూలకాల్లో దానిది తొమ్మిదో స్థానం. శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో నల్లగా మెరిసే ఇసుకను చూసే ఉంటారు. అందులోని ఇల్మనైట్ టైటానియం ఖనిజమే. ఇంటి గోడకు వేసే తెల్లరంగులో ఉండేదీ టైటానియం డయాక్సైడే. మరి అంత ఖరీదెందుకు? ఖనిజం నుంచి లోహాన్ని విడదీయడం మహా కష్టం. ముందు క్లోరిన్‌తో కలిపి ద్రవంగా మార్చాలి. దాన్ని గాలి సోకకుండా మెగ్నీషియంతో చర్య జరిపించాలి. అప్పుడు స్పాంజిలా చిల్లులు చిల్లులుగా ఉన్న ముద్ద వస్తుంది. దాన్ని మళ్లీ శూన్యంలో కరిగించాలి. మన దేశంలో ఈ స్పాంజి తయారుచేసే కర్మాగారం కేరళలోని చవరలో 2011లో మొదలైంది. దానికి సాంకేతిక పరిజ్ఞానం ఇచ్చింది ఎవరనుకున్నారు? హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్, రక్షణ లోహ పరిశోధనశాల. ఆ పక్కనే కంచన్‌బాగ్‌లోని మిధానీలో రాకెట్లకూ విమానాలకూ కావలసిన టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. సైకిల్ గొట్టాల సంగతికొస్తే మాత్రం మనవాళ్లు ఎక్కువగా చైనా వైపో అమెరికా వైపో చూడాల్సిందే. చైనాలో షాన్షీ రాష్ట్రంలోని బావోజీ చుట్టుపక్కల ఈ లోహమే బతుకుతెరువు. అక్కడి నుంచి నేరుగా తెప్పించుకుంటే ఫ్రేము లక్ష రూపాయల చుట్టుపక్కల మొదలవుతుంది. రవాణా, కస్టమ్స్ సుంకాలు అదనం. అమెరికాలో కొలతలు తీసుకుని చేత్తో చేసిచ్చేవి మూడు లక్షలు దాటిపోతాయి.

సైకిళ్లలో వాడే టైటానియం దాదాపు ఎప్పుడూ మిశ్రమమే. ఎక్కువగా కనిపించేది 3 శాతం అల్యూమినియం, 2.5 శాతం వెనేడియం కలిపినది. విమానాల్లో హైడ్రాలిక్ నూనె పారే సన్నగొట్టాల కోసం పుట్టిన మిశ్రమం ఇది. రెండోది 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిపినది. బలం ఎక్కువ, గొట్టంగా సాగదీయడం కష్టం. అందుకే చక్రం ఇరుసు బిగించేచోట, కొన్ని ముక్కల్లో మాత్రమే వాడతారు. అమ్మేవాళ్లు ‘ఆరు-నాలుగు’ అని గొప్పగా చెబుతుంటారు. ఫ్రేము మొత్తం అదేనా, ఓ ముక్క మాత్రమేనా అని అడిగితే సగం గొప్ప అక్కడే తేలిపోతుంది.

ఇక లోహం గుణానికొద్దాం. ఒకే పరిమాణం తీసుకుంటే టైటానియం ఉక్కు కంటే నలభై శాతానికి పైగా తేలిక. అయితే ఉక్కుకున్న బిరుసులో టైటానియానికి దాదాపు సగమే ఉంటుంది. అంటే ఉక్కు సైకిల్‌కు వాడినంత సన్నగొట్టాలే వాడితే తొక్కుతుంటే ఫ్రేము ఊగిపోతుంది. 1970ల్లో వచ్చిన తొలి టైటానియం ఫ్రేముల్లో కొన్నింటికి వచ్చిన చెడ్డపేరు అదే. దాన్ని సరిచేసింది లావు గొట్టాలు. గొట్టం మందం మార్చకుండా వ్యాసం రెండింతలు చేస్తే బిరుసు ఎనిమిదింతలవుతుంది. 1980ల రెండో సగంలో అమెరికాలో మెర్లిన్, లైట్‌స్పీడ్ వంటి సంస్థలు మిశ్రమ లోహపు లావు గొట్టాలతో వచ్చాక టైటానియం నిలదొక్కుకుంది. ఫ్రేము మెత్తగా ఉంటుందా, కర్రలా ఉంటుందా అన్నది లోహం పేరును బట్టి కాదు, గొట్టాల లావును బట్టి, మందాన్ని బట్టి తేలుతుందన్నమాట. తొంభై అయిదు కిలోల మనిషికీ అరవై కిలోల మనిషికీ ఒకే గొట్టాలు ఇచ్చేవాడు లోహం అమ్ముతున్నాడు కానీ, సైకిల్ అమ్మడం లేదు.

మరి తిమ్మిరి సంగతి?

మళ్లీ మన ఉద్యోగి చేతుల దగ్గరకు వద్దాం. 150 కిలోమీటర్లు దాటాక ఆయనకు చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతాయి. ఇంటికొచ్చాక చొక్కా గుండీ పెట్టుకోవడానికి కూడా తడుముకోవాలి. అరచేతి అంచున వెళ్లే అల్నార్ నాడి గంటల తరబడి హ్యాండిల్‌కు ఒత్తుకుపోతే జరిగేదిదే. నిర్లక్ష్యం చేస్తే వారాల తరబడి వేళ్లలో పట్టు ఉండదు. భార్య భయం కూడా అదే. రెండు లక్షల కంటే ఆ వేళ్ల గురించే ఆవిడకు ఎక్కువ బెంగ.

టైటానియం కుదుపుల్ని మింగేస్తుందని అందరూ అంటారు. కొంత నిజం లేకపోలేదు. కానీ ఫ్రేము ఆకారం చూడండి, త్రిభుజాల కూర్పు. వంతెనలు కట్టేది కూడా ఇలాగే, ఒంగకూడదని. గుంతలో పడ్డప్పుడు ఫ్రేము నిలువుగా ఒంగేది మహా అయితే ఓ మిల్లీమీటరు. గాలి నింపిన టైరు నొక్కుకునేది అంతకు ఎన్నో రెట్లు. పైకి పొడుగ్గా తేలిన సీటు గొట్టం కూడా ఫ్రేము కంటే ఎక్కువే ఒంగుతుంది. ఇంకో ముచ్చట. ఇప్పుడు అమ్ముతున్న టైటానియం సైకిళ్లలో చాలావాటికి ముందు ఫోర్కు కార్బన్‌ది! ముందు చక్రం తిన్న దెబ్బ చేతికి చేరే దారిలో టైటానియం పాత్ర ఎంత ఉంటుందో ఎవరికి వారే ఊహించుకోవచ్చు.

ఆయన పాత అల్యూమినియం సైకిల్‌కున్నవి 25 మిల్లీమీటర్ల టైర్లు. వాటికి వంద పౌన్ల గాలి కొట్టి తొక్కుతున్నాడు. డెబ్బై అయిదు కిలోల మనిషి 32 మిల్లీమీటర్ల టైరు వేసుకుంటే అరవై పౌన్ల లోపే సరిపోతుంది. మన గరుకు రోడ్ల మీద లావు టైరు వేగం తగ్గించదు సరికదా, కుదుపులకు వృథా అయ్యే శక్తిని మిగులుస్తుంది. దూరాలు తొక్కేవాళ్లు పదీ పదిహేనేళ్లుగా 28కీ 32కీ మారిపోయింది అందుకే. కాబట్టి కొత్త ఫ్రేము గురించి మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ‘ఏ లోహం?’ కాదు. ‘మడ్‌గార్డులు బిగించాక ఎంత లావు టైరు పడుతుంది?’ అని. వానాకాలంలో రాత్రంతా తొక్కేవాడికి మడ్‌గార్డు అలంకారం కాదు. 32 టైరు, దానిమీద మడ్‌గార్డు పట్టని ఫ్రేము ఎంత మెరిసినా మన రైడర్లకు అక్కర్లేదు.

తిమ్మిరికి రెండో కారణం ఇంకా పెద్దది. హ్యాండిల్ సీటు కంటే బాగా కిందికి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి దిగుతుంది. పందేల సైకిల్ అలాగే ఉంటుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు నాలుగు గంటలు అలా వంగి ఉండగలడు. పదకొండు నెలలు కంప్యూటర్ ముందు కూర్చునే నలభై ఆరేళ్ల నడుము ఇరవై గంటలు ఉండలేదు. చేతులే కాదు, మెడ కూడా వాలిపోతుంది. ఫ్రేము కొలతల పట్టికలో ‘స్టాక్’, ‘రీచ్’ అని రెండు అంకెలుంటాయి. పెడళ్ల ఇరుసు నుంచి ముందు తలగొట్టం ఎంత ఎత్తులో ఉందో స్టాక్ చెబుతుంది. ఎంత ముందుకుందో రీచ్ చెబుతుంది. దూరాలు తొక్కేవాడికి స్టాక్ ఎక్కువ, రీచ్ తక్కువ ఉండాలి. చాలామంది ఈ రెండంకెలు చూడరు. ‘మీడియమా, లార్జా’ అని చొక్కా కొన్నట్టు కొంటారు. పొట్టివాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఇంకోటి కూడా చూసుకోవాలి. చిన్న ఫ్రేముల్లో హ్యాండిల్ తిప్పినప్పుడు కాలి బొటనవేలు ముందు చక్రానికి తగులుతుంది. మలుపులో నెమ్మదిగా తిరిగేటప్పుడు పడేస్తుంది.

అసలు తమాషా ఇక్కడుంది. ఉక్కు ఫ్రేము లోలోపల తుప్పు పడుతుంది. అల్యూమినియం ఏళ్ల తరబడి చిన్న చిన్న దెబ్బలకే అలిసిపోతుంది. టైటానియం మీద గాలి తగలగానే ఓ పలుచటి పొర ఏర్పడుతుంది. చెమటా ఉప్పుగాలీ దాన్నేమీ చేయలేవు. విశాఖ బీచ్ రోడ్డులో పదేళ్లు తొక్కినా పెయింటు అక్కర్లేదు. గీత పడితే గిన్నెలు తోమే ఆకుపచ్చ పీచుతో రుద్దితే సరి, మెరుగు పెట్టని రకాలకైతే. సరిగ్గా చేసినది తొక్కేవాడి కంటే ఎక్కువకాలం ఉంటుంది. అంటే కొలత తప్పితే ఆ తప్పు కూడా అంతకాలమూ ఉంటుంది! నలభై ఆరేళ్లప్పుడు కొన్న ఫ్రేము మీద అరవై ఏళ్లకూ కూర్చోవాలి. అప్పటికి నడుము ఇంకా బిగుసుకుపోతుంది. ఈనాటి ఉత్సాహానికి కాదు, ఆనాటి వెన్నుకు కొలత ఇవ్వాలి.

బరువు మోజు గురించి కూడా ఓ మాట. టైటానియం రోడ్డు ఫ్రేము సుమారు కిలోన్నర. మంచి ఉక్కు ఫ్రేము రెండు కిలోలు. కార్బన్‌దైతే కిలో చుట్టుపక్కల. అంటే ఉక్కు మీద మిగిలేది అరకిలో, సగానికి పైగా నీళ్లున్న సీసా బరువు. మనిషి, సైకిల్, సంచి కలిపి తొంభై కిలోలు. అరకు ఘాట్ లాంటి ఎత్తు రెండు గంటలు ఎక్కితే ఆ అరకిలో వల్ల మిగిలేది నిమిషం కంటే తక్కువ. టీ కొట్టు దగ్గర రెండు గుటకల్లో అది ఖర్చయిపోతుంది. బరువే బాధైతే కార్బన్ కొనుక్కోవాలి. డబ్బే బాధైతే ఉక్కు ఉండనే ఉంది, సగం ధరకే, సుఖంలో పెద్ద తేడా లేకుండా. తుప్పు భయం లేకుండా పాతికేళ్లు ఒకే సైకిల్ మీద ఉండాలనుకునేవాడికే టైటానియం.

అతుకు చూడాలి... లోపలి అతుకు!

ఈ లోహం బలహీనతంతా అతుకులోనే ఉంది. వేడెక్కిన టైటానియం గాలిలోని ఆక్సిజన్‌నూ నైట్రోజన్‌నూ ఆబగా పీల్చుకుంటుంది. పీల్చుకున్నచోట పెళుసుబారుతుంది. అందుకే వెల్డింగ్ చేసేటప్పుడు బయటే కాదు, గొట్టం లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలి. చేతి మీది నూనెమరక కూడా ఉండకూడదు. బాగా చేసిన అతుకు చేప పొలుసుల్లా వరుసగా, వెండిలా ఉంటుంది. లేత ఎండుగడ్డి రంగు తేలినా ఫర్వాలేదు. ముదురు నీలం, బూడిదరంగు, తెల్లటి పొడి కనిపిస్తే గాలి చొరబడినట్టే. బయట రుద్ది మెరుగుపెడితే ఆ మచ్చలు పోతాయి. కాబట్టి టార్చిలైటు వేసి సీటు గొట్టంలోకి, పెడళ్ల ఇరుసు ఉండే బి.బి. గొట్టంలోకి తొంగిచూడాలి. అక్కడ రుద్దడానికి ఎవరి చెయ్యీ పట్టదు. పాత ఫ్రేము కొనేవాళ్లయితే అతుకుల పక్కనే వెంట్రుకంత పగుళ్లున్నాయేమో కడిగి మరీ చూసుకోవాలి. పగిలిందంటే వీధి చివర వెల్డింగ్ షాపులో అయ్యే పని కాదు. తిరిగి తయారీదారుకు పంపాల్సిందే. ‘జీవితకాలం గ్యారంటీ’ అని రాస్తారు. ఎవరి జీవితకాలం? మొదటి కొనుగోలుదారుదా, సంస్థదా? పంపే ఖర్చు ఎవరిది? డబ్బు కట్టకముందే రాతలో అడగాల్సిన ప్రశ్నలివి.

ఇంకొన్ని చిన్న సంగతులున్నాయి, కానీ రోడ్డు మీద పెద్దవవుతాయి. బి.బి. మరలతో బిగించే రకమైతే మన ఊళ్లో ఏ మంచి మెకానిక్కయినా విప్పగలడు. నొక్కి దిగ్గొట్టే రకం కొన్నాళ్లకు కిర్రుకిర్రుమంటుంది, దానికి ప్రత్యేక పనిముట్లు కావాలి. తీగలు గొట్టాల లోపలి నుంచి పోతే చూడ్డానికి బాగుంటుంది. పారిస్‌కు పెట్టెలో సర్దేటప్పుడు మాత్రం ఏడిపిస్తుంది. గేరు తగిలించే కొక్కెం విడిగా మార్చుకునేదై ఉండాలి. మూడు సీసాలకు చోటు, వెనక సంచికి మరలు... ఇవన్నీ డ్రాయింగులో ఉంటేనే వస్తాయి. తర్వాత రంధ్రం పెట్టించుకుందామంటే కుదరదు.

ఇక అల్యూమినియం సీటు గొట్టాన్ని టైటానియం ఫ్రేములో పొడిగా దించితే చెమట తగిలి రెండు లోహాల మధ్య చర్య మొదలవుతుంది. టైటానియానికి ఏమీ కాదు, అల్యూమినియమే ఉబ్బి లోపల బిగుసుకుంటుంది. ఓ ఏడాది పోయాక సీటు అంగుళం పెంచుదామంటే రాదు. దించేముందు రాగిపొడి కలిసిన గ్రీజు పూయడం, ఆర్నెల్లకోసారి బయటికి తీసి తుడవడం మరిచిపోకూడదు.

ఇవన్నీ తెలుసుకునేసరికి మన ఉద్యోగికి మూడు నెలలు పట్టింది. ఈలోగా రెండు పనులు చేశాడు. పాత సైకిల్‌కే పట్టినంత లావు టైర్లు, 28వి, వేయించాడు. హ్యాండిల్‌ను పైకెత్తే పొట్టి స్టెమ్ ఒకటి కొని బిగించాడు. అన్నీ కలిపి కొన్ని వేల రూపాయలు. ఆ సైకిల్‌తోనే ఇంకో 300 తొక్కి వచ్చాడు. తిమ్మిరి వచ్చింది, కానీ 150 దగ్గర కాదు, 260 దాటాక. సగం రోగం లోహానిది కాదని అప్పుడు తేలింది. మిగతా సగం తగ్గాలంటే హ్యాండిల్ ఇంకో రెండు సెంటీమీటర్లు లేవాలి. పాత ఫ్రేములో ఇక జాగా లేదు.

ఆ సంగతి భార్యకు చెప్పాడు. ఈసారి ‘చేతులు తిమ్మిరెక్కవు’ అనలేదు. ‘‘ఇది నా కొలతకు లేదు. కొత్తది చేయిస్తే కొలతకు చేయించాలి. ఉక్కుదైతే లక్ష లోపు, టైటానియమైతే రెండు లక్షలు. పాతికేళ్లు వాడతాననుకుంటేనే రెండోది’’ అన్నాడు. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘‘పాతికేళ్లు తొక్కుతారా మరి?’’ అంది. తొక్కుతానన్నాడు. ‘‘అయితే ఈ ఏడాది బోనస్ వచ్చేదాకా ఆగండి’’ అంది.

బోనస్ వచ్చింది. తయారీదారు డ్రాయింగ్ పంపాడు. తలగొట్టం 150 మిల్లీమీటర్లని ఉంది. ఈయన దాన్ని కొట్టేసి 175 అని రాశాడు. సంతకం పెట్టి పంపితే ఇక మార్పుల్లేవు. పంపేముందు కాలి పొడవు మళ్లీ ఒకసారి చూసుకోవాలనిపించింది. చెప్పుల్లేకుండా గోడకు వీపు ఆనించి, రెండు కాళ్ల మధ్య గట్టి అట్ట పుస్తకం సీటులా పైకి నొక్కి పెట్టి, పుస్తకం పైఅంచు దగ్గర గోడ మీద గీత గీయాలి. ఆ గోడ మీద కూతురి చిన్నప్పటి ఎత్తుల గీతలు ఇంకా ఉన్నాయి. పుస్తకం కూతురిది, కెమిస్ట్రీ. పెన్సిల్ కూడా దానిదే. టేపు పట్టుకుంది మాత్రం ఆవిడ.

‘‘ఏవండీ, మడమలు లేపకండి’’ అంది, ‘‘మళ్లీ మొదట్నుంచి.’’